మూడు లెక్కపెట్టే దాకా

మా అమ్మమ్మని ఏదైనా అడిగితే జవాబు చందమామ దాకా వెళ్ళి రావాలి. ఎగతాళికి అంటున్న మాట కాదు ఇది. సరే, సగం ఎగతాళికే. "ఉప్పెక్కడుందమ్మమ్మా?" అంటే ఆవిడ మన మొహంలోకి చూసి, పెదాలు బిగించి, లోపల ఏదో లెక్కపెట్టుకుని, అప్పుడు "పై అరలో" అంటుంది. ఈలోగా మనం ఉప్పు వెతుక్కుని, కూరలో వేసేసి, ఎక్కువైందని తిట్లు కూడా తినేయొచ్చు. ఫోన్లో తెలియనివాళ్ళయితే "హలో, హలో, ఉన్నారా?" అని పెట్టేస్తారు. కూరగాయల కొట్టతను "కిలోనా, అరకిలోనా" అని అడిగి, ఆవిడ నోరు తెరిచేలోపల వెనకాల ఇద్దరికి తూచి పంపేస్తాడు.

ఒకసారి మా మామయ్య గడియారం పట్టుకుని ఆ ఆలస్యాన్ని కొలిచాడు. రెండున్నర సెకన్లు. మళ్ళీ కొలిచాడు. రెండున్నరే.

"నువ్వు మనిషివా, మిషనువా అమ్మా?" అన్నాడు.

రెండున్నర సెకన్లు గడిచాక అమ్మమ్మ అంది: "పుట్టగానే నిన్ను చూసి నేనూ అదే అడిగాను."

అడిగినప్పుడు ఆలస్యంగా చెప్పడం వరకూ మాకు నవ్వులాటే. నవ్వు రానిది ఇంకొకటుంది. మధ్యాహ్నం పూట అందరూ కునుకు తీసేవేళ, ఎవరూ ఏమీ అడక్కపోయినా ఆవిడ జవాబు చెప్పేది. కిటికీ పక్కన ఖాళీ కుర్చీకేసి చూస్తూ, వేళ్ళు మడిచి మూడు లెక్కపెట్టి, "రాలేదురా" అనేది. మెల్లగా, పక్కనున్నవాడికి చెప్పినట్టు. నేను కళ్ళు మూసుకుని నిద్ర నటిస్తూ వినేదాన్ని. అంత వేసవిలోనూ దుప్పటి మెడదాకా లాక్కునేదాన్ని.

అమ్మమ్మ ఉద్యోగం వినడం. జీతం తీసుకుని ఇరవయ్యారేళ్ళు వింది. ఊరి చివర ఇటుకబట్టీలు దాటాక పెద్ద ఇనుప గిన్నె ఒకటుంది. కాగితాల మీద దాని పేరు రేడియో టెలిస్కోపు. అక్కడ పనిచేసేవాళ్ళు మాత్రం గిన్నె అనే అనేవాళ్ళు. దాంతో చందమామ మీదికి రేడియో సంకేతం విసిరి, అది తగిలి వెనక్కొస్తే పట్టుకోవాలని అక్కడి పెద్దాయన పంతం పట్టాడు. కొండ ముందు నిలబడి "ఓయ్" అంటే కొండ "ఓయ్" అన్నట్టే. కాకపోతే ఈ కొండ దూరం. సంకేతం వెళ్ళి రావడానికి రెండున్నర సెకన్లు. పంపింది ఏనుగంతయితే తిరిగొచ్చేది సముద్రంలో కాకిరెట్టంత. ఆ కాకిరెట్టని చెవితో పట్టే మనిషి కావాలని పరీక్ష పెట్టారట. పదహారు మందిలో అమ్మమ్మ ఒక్కతే నెగ్గిందట. నేను వంటింట్లో చక్కెర డబ్బా మూత తీస్తే వీధివాకిట్లోంచి "మూత బిగించు, చీమలొస్తాయి" అనే మనిషి కాబట్టి, నేను ఆ మాట నమ్ముతాను.

వినేది అమ్మమ్మయితే, పంపేవాడు ఆవిడ సొంత తమ్ముడు. మా ఇంటిల్లిపాదికీ ఆయన తొందర తాతయ్య. కాఫీ చల్లారేదాకా ఆగలేక నాలుక కాల్చుకునేవాడు. బస్సు ఆగకముందే దిగి రెండుసార్లు మోకాలు పగలగొట్టుకున్నాడు. నోట్లో నువ్వుగింజ నానదు. మనం పొడుపుకథ మొదలెడితే విడుపు కూడా ఆయనే చెప్పేసేవాడు, అదీ తప్పుగా. ఇలాంటి మనిషికి చందమామతో మాట్లాడే పని ఇచ్చారంటే, ఇచ్చినవాళ్ళకి ఆయన చుట్టరికం గురించి తెలుసు గానీ ఆయన గురించి తెలియదన్నమాట.

ఆయనుండే రేకుల షెడ్డు ఒక చివర, అమ్మమ్మ కూర్చునే గది ఇంకో చివర. మధ్యలో గడ్డి మైదానం. ఆయన మీట నొక్కితే సంకేతం పోతుంది, అమ్మమ్మ హెడ్‌ఫోన్లో "టక్" అని వినిపిస్తుంది. ఆ తరవాత రెండున్నర సెకన్లకి, వస్తే, సన్నటి "కుయ్" రావాలి. షెడ్డునీ గదినీ కలిపే ఇంటర్‌కమ్ తీగ కూడా అదే హెడ్‌ఫోన్లో కలిపారు, మాటిమాటికీ తీసి పెట్టుకోకుండా. అందుకని పెద్దాయన ఒక కట్టడి పెట్టాడు. మీట నొక్కాక మూడు లెక్కపెట్టే దాకా ఎవరూ నోరెత్తకూడదు. గోడ మీద ఎర్రరంగుతో రాయించాడు కూడా.

గిన్నె పైకీ కిందకీ వంగేది గానీ పక్కకి తిరిగేది కాదు. చందమామే నడుచుకుంటూ దాని ఎదటికి రావాలి. వస్తే నాలుగైదు నిమిషాలుండి వెళ్ళిపోతుంది. అది పట్టపగలు దాటే రోజుల్లోనే వీళ్ళకి పని. పదకొండు నెలలు అలా పంపారు. ఒక్క "కుయ్" రాలేదు. నెలాఖరుకి ఆ పని ఆపేస్తున్నామనీ, తొందర తాతయ్య మర్నాటి నుంచి రానక్కర్లేదనీ చెప్పేశారు.

ఆ ఆఖరి రోజు పొద్దున తాతయ్య తాపీమేస్త్రీ దగ్గర నీళ్ళగొట్టం అడిగి తెచ్చి, గిన్నె కాళ్ళ మట్టం చూశాడు. ఒక కాలు అంగుళం దిగింది. గిన్నె చందమామని కాక దాని పక్కింటిని చూస్తోందన్నమాట ఇన్నాళ్ళూ. ఎవర్నీ అడక్కుండా జాకీ పెట్టి, మూడు ఇనపరేకులు దోపి లేపాడు. ఆ రోజు ముప్పైసార్లు పంపారు. ఇరవై ఎనిమిదోసారి అమ్మమ్మ "వచ్చింది" అంది. చందమామ మన ఊరికి మొదటిసారి బదులిచ్చింది!

ఈ కథ మాకు తొందర తాతయ్యే చెప్పేవాడు. ఎవరింట్లో నలుగురు చేరినా చెప్పేవాడు. అమ్మమ్మ "వచ్చింది" అన్నచోట ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. అదే సమయానికి అమ్మమ్మ లేచి గిన్నెలు సర్దడానికి వెళ్ళిపోయేది. పొగడ్తలంటే సిగ్గేమో అనుకునేవాళ్ళం.

ఆయన పోయింది కూడా తొందరగానే. మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆఖరి రోజు అమ్మమ్మ చెయ్యి పట్టుకుని, "వచ్చిందా అక్కా?" అన్నాడు. "వచ్చింది తమ్ముడూ" అంది అమ్మమ్మ. ఆయన చిన్నగా నవ్వి, ఆవిడ కళ్ళ ముందు మూడు వేళ్ళు ఎత్తి చూపించాడు. నర్సు మూడు చెంచాల నీళ్ళు పోసింది. మా అమ్మ ఆయన ముగ్గురు పిల్లల్ని చూసుకోమంటున్నాడనుకుని ఏడ్చింది. అమ్మమ్మ ఒక్కతే ఆ వేళ్ళని చూస్తూ రాయిలా నిలబడిపోయింది. కుర్చీతో మాట్లాడ్డం ఆ తరవాతే మొదలు.

అప్పుడు నాకు పదకొండేళ్ళు. బుద్ధి తక్కువ, గొంతు ఎక్కువ. ఊళ్ళో ఎవరి గొంతయినా అనుకరించేదాన్ని. ఒక మధ్యాహ్నం తలుపు వెనక నక్కి, ముక్కు నొక్కుకుని, తాతయ్య గొంతుతో ఆత్రంగా, "వచ్చిందా అక్కా?" అన్నాను.

అమ్మమ్మ చేతిలో స్టీలు గ్లాసు నేల మీద పడి గుండ్రంగా తిరుగుతూ మోగింది. ఆవిడ నా వైపు తిరగలేదు. కుర్చీ వైపు తిరిగింది. "వచ్చింది తమ్ముడూ!" అంది. వెంటనే అంది. లెక్కా లేదు, ఆగడమూ లేదు. ఆవిడ అంత త్వరగా జవాబు చెప్పడం నేను విన్నది ఆ ఒక్కసారే. తలుపు వెనక నన్ను చూశాక కూడా కొట్టలేదు. కొడితే బాగుండుననిపించింది. నీళ్ళు తుడిచే గుడ్డ తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, తుడిచినచోటే తుడుస్తూ సాయంత్రం దాకా ఉండిపోయింది. ఆ రోజు నుంచి నేను ఎవరి గొంతూ అనుకరించలేదు.

తొమ్మిదో తరగతిలో లెక్కలకీ నాకూ పడక బడి మానేశాను. ఇప్పుడు కుట్టుమిషన్లు బాగుచేస్తాను. పోయిన నెల ఒక మిషను విప్పుకుని వరండాలో కూర్చుంటే, మెడలో గుర్తింపు కార్డు వేసుకున్న కుర్రాడొకడు వచ్చాడు. గిన్నె దగ్గర కొత్త ఇంజనీరట. గిన్నె తుప్పుపట్టిందనీ, వచ్చే నెల విప్పేస్తారనీ, ఆ జాగాలో ఒక ఇత్తడి పలక పెడతారనీ చెప్పాడు.

"మొదటి ప్రతిధ్వని తేదీ, పంపినవారి పేరు, విన్నవారి పేరు చెక్కిస్తామండీ. పలక చేసేవాడు ఎల్లుండి వస్తున్నాడు. తేదీ సరేనా అని అమ్మమ్మగారు ఒక్కమాట చెప్తే చాలు."

అమ్మమ్మ అతని మొహంలోకి చూసింది. రెండున్నర సెకన్లయింది. అయిదయింది. పదయింది.

"విన్నారాండీ అమ్మగారూ?" అన్నాడు గొంతు పెంచి.

"ఊరంతటికీ వినబడింది బాబూ, ఆవిడకి వినబడదా?" అన్నాను నేను. "ఎల్లుండి రా."

అతను వెళ్ళాక అమ్మమ్మ తన పెట్టె తెరిచింది. బట్టల అడుగున గుండ్రటి రేకు డబ్బా. అందులో టేపు చుట్ట.

"అదేంటి?"

ఒకటి, రెండు, మూడు. "ఆ రోజు టేపు. నా హెడ్‌ఫోన్లో వినబడిందల్లా ఇందులోకి ఎక్కేది. ముక్కలైపోయిందని పుస్తకంలో రాసి ఇంటికి పట్టుకొచ్చేశాను."

"దొంగిలించావా? నువ్వా? నేను రెండు చెంచాల చక్కెర తింటే తొడపాశం పెట్టావే!"

ఆవిడ నవ్వలేదు. "అందులో ఏం లేదే," అంది. "ఇరవై ఏడు సార్లయింది. తమ్ముడు ఏడుస్తున్నాడు. ఇంటర్‌కమ్‌లో ముక్కు చీదడం వినబడుతోంది. ఇరవై ఎనిమిదోసారి మీట నొక్కాడు. నేను వచ్చిందన్నాను. టక్ అనగానే అనేశాను. సెకను కూడా ఆగలేదు. వెళ్ళింది అప్పటికింకా చందమామ దాకా చేరనే లేదు. టేపు, గడియారం దగ్గర పెట్టుకుంటే ఏ పిల్లాడైనా పట్టేస్తాడు. అందుకే ఎత్తుకొచ్చాను."

నేను స్క్రూడ్రైవరు కింద పెట్టాను.

"నా పుస్తకంలో టిక్కు చూసి పెద్దాయన ఇంకో మూడు నెలలు గడువిచ్చాడు. రెండు వారాలకి నిజంగానే వచ్చింది, గదిలో అందరం విన్నాం. ఎవరికీ నష్టం లేదు. కానీ వాడు మాత్రం మొదటిరోజునే పట్టుకు వేలాడాడు. వాడు గిన్నె కింద రేకులు దోపిన రోజు కదా అది. ఆసుపత్రిలో మూడు వేళ్ళు ఎందుకు చూపించాడనుకున్నావు? మూడు లెక్కపెట్టలేదు కదూ అక్కా అని. వాడికి తెలుసే. ఎప్పట్నుంచి తెలుసో మాత్రం నాకు తెలియదు. ఆ రోజే తెలుసో, నవ్వుతూ కథ చెప్పిన ప్రతిసారీ తెలుసో. ఇప్పుడు ఆ అబద్ధాన్ని ఇత్తడి మీద చెక్కి, వాడి పేరు పక్కనే నా పేరు పెడతారట."

"కాదని చెప్పెయ్యి అయితే."

ఈసారి మూడు కంటే ఎక్కువే లెక్కపెట్టింది. "చెప్తే వాడి రోజు పోతుంది. చెప్పకపోతే వాడు పోడు."

ఆవిడ కుర్చీకేసి చూడకుండా అంది. నేనే చూశాను. ఖాళీ కుర్చీయే. దాని మీద ఎండ పడుతోంది.

మూడోరోజు పొద్దున నా స్కూటరు మీద బయల్దేరాం. రేకు డబ్బా ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. గతుకు వచ్చినప్పుడల్లా "నన్ను పడేసినా ఫరవాలేదు, మెల్లగా" అంటూనే ఉంది. ఇటుకబట్టీల మీద పగటి చందమామ, పలక మీద చెరిపినా పోని సుద్దమరకలాగా. గిన్నె సగం రేకులు ఊడి ఉంది. గాలికి ఏదో బోల్టు కొట్టుకుంటూ, ఆగి, మళ్ళీ కొట్టుకుంటోంది. అమ్మమ్మ ఆగి ఆ చప్పుళ్ళ మధ్య ఎడం లెక్కపెట్టింది. అలవాటు.

ఇంజనీరు గదిలో పాత టేపు మిషను ఒకటి ఉంది, దానికి కంప్యూటరు తగిలించి ఉంది. అమ్మమ్మ డబ్బా బల్ల మీద పెట్టి అంతా చెప్పేసింది. ఆగకుండా చెప్పలేదు గానీ దాచకుండా చెప్పింది. అతను డబ్బా మూత తీశాడు. టేపు ఎక్కించి మీట నొక్కాడు.

ముందు సముద్రం హోరు లాంటిది. తరవాత "టక్". హోరు. "టక్". ఆ హోరులోంచి, గదిలో మా పక్కనే నిలబడినట్టు, ఆత్రంగా, ముప్పై మూడేళ్ళ కిందటి తొందర తాతయ్య:

"వచ్చిందా అక్కా?"

అమ్మమ్మ కుర్చీ చేతులు పట్టుకుంది. వెంటనే ఒక పడుచుగొంతు: "నోర్ముయ్యరా! మూడు లెక్కపెట్టు! గోడ మీద రాసింది నీకోసమే!" అది మా అమ్మమ్మ గొంతు. అంత చురుకైన గొంతు ఆవిడకుండేదని నాకు ఇన్నేళ్ళూ తెలియదు. నవ్వొచ్చింది, నవ్వు మధ్యలోనే ఏడుపూ వచ్చింది.

"టక్."

"ఇప్పుడొచ్చిందా?"

"ఒరేయ్!"

"టక్."

"ఆఖరి రోజు కదే అక్కా, ఆగలేకపోతున్నా. వచ్చిందా?"

"ఇంకోసారి నోరెత్తితే హెడ్‌ఫోన్ విసిరికొడతాను. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమట!"

ఆ తరవాత ఆయన బుద్ధిగా ఊరుకున్నాడు. టక్, హోరు. టక్, హోరు. లెక్కపెట్టుకుంటూ విన్నాం. ఇరవై దాటాక ముక్కు చీదిన చప్పుడు. ఇరవై ఎనిమిదో టక్. అది ఆరకముందే, గబుక్కున, "వచ్చింది తమ్ముడూ!"

ఇంజనీరు తెర మీద గీతలు చూశాడు. "ముప్పావు సెకను," అన్నాడు మెల్లగా. "మీరన్నది నిజమేనమ్మా. ఆ తరవాత రెండున్నర దగ్గర కూడా ఏమీ లేదు."

అమ్మమ్మ తలూపింది. లేవబోయింది.

"ఒక్క నిమిషం," అన్నాడతను. మొదటికి వెళ్ళాడు. తెర మీద తాతయ్య మాటలు బొగ్గుతో అలికినట్టు నల్లగా పైనుంచి కింద దాకా ఉన్నాయి. అతను ఏవేవో నొక్కుతూ ఆ నలుపుని పొరలు పొరలుగా తీసేశాడు. కుట్టు విప్పేటప్పుడు అడుగు దారం బయటపడినట్టు, కింద సన్నటి గీత ఒకటి మిగిలింది. నిటారుగా, వంకర లేకుండా. వేలితో చూపించాడు. "మనిషి గొంతు ఇలా ఒకే గీత మీద నిలవదు. టక్ నుంచి రెండున్నర సెకన్లు." పక్కదానికి జరిగాడు. అక్కడా అదే గీత. మూడోదానికీ.

"మూడుసార్లు వచ్చిందమ్మా. వరసగా. ఆయన మాట్లాడిన మూడుసార్లూ వచ్చింది. ఈ ప్రతిధ్వని బలం ఒక్కోసారి పెరిగి, ఒక్కోసారి పూర్తిగా తగ్గిపోతుంది. ఆయన నోరుమూసుకునేసరికి అదీ తగ్గిపోయింది."

గదిలో టేపు మిషను ఖాళీగా తిరుగుతోంది.

"వాడి మాట కిందే ఉందా?" అంది అమ్మమ్మ.

"మాట కిందే ఉందమ్మా. మీ చెవి తప్పు లేదు. ఎవరికీ వినబడదు."

ఆగలేనివాడు జవాబు వచ్చిందా అని అడిగి, ఆ అడగడంతోనే జవాబుని కప్పేశాడు. తమ్ముణ్ణి చూసి జాలిపడి అక్క అబద్ధమాడితే, ఆ అబద్ధానికి ఇరవై సార్ల ముందే నిజం వచ్చి, తలుపు కొట్టి, ఎవరూ తీయకపోతే వెళ్ళిపోయింది. ఇవన్నీ నేను ఇప్పుడు రాస్తున్నాను గానీ, అప్పుడు నాకు కనబడింది ఒక్కటే. అమ్మమ్మ కుర్చీ ముందుకి జరుపుకుని, తెర మీద ఆ సన్నటి గీత పక్కన వేలు పెట్టింది.

"మళ్ళీ పెట్టు బాబూ. మొదటిది."

"మొత్తం వినిపించనా, గొంతు తీసేసి ప్రతిధ్వని ఒక్కటే వినిపించనా?"

"గొంతు తియ్యకు."

అతను పెట్టాడు. హోరు. టక్. "వచ్చిందా అక్కా?" అక్కడ ఆపేశాడు.

అమ్మమ్మ కళ్ళు మూసుకుని ఒక వేలు ఎత్తింది. రెండోది. మూడోది. ఎత్తిన మూడువేళ్ళూ అలాగే గాలిలో ఉంచి, "వచ్చిందిరా," అంది. "నీ వాగుడు కింద ఉంది. ఇప్పుడే విన్నాను."

పలక మీద తేదీ అదే ఉంది. పంపినవారు అన్నచోట తాతయ్య పేరు. విన్నవారు అన్నచోట తన పేరు వద్దని అమ్మమ్మ పట్టుబట్టింది. ఇంజనీరు తల గోక్కుని, ఆ వరసే తీయించేశాడు. పలక చెక్కినతను అక్కడ కొంచెం ఖాళీ వదిలాడు, ఇంకో పేరు వస్తుందేమో అన్నట్టు.

దాంతో ఆవిడ బరువు దిగిపోతుందనీ, కనీసం ఉప్పెక్కడుందో చటుక్కున చెప్తుందనీ అనుకున్నాను. అదేం లేదు. ఇప్పటికీ రెండున్నరే. కానీ మధ్యాహ్నాలు "రాలేదురా" అనడం మానేసింది. కుర్చీకేసి చూస్తూ, చెవి కొంచెం వంచి, ఊరికే కూర్చుంటోంది. నిన్న నిద్ర నటించడం మానేసి అడిగేశాను.

"ఏం వింటున్నావమ్మమ్మా?"

ఒకటి. రెండు. మూడు.

"వాడు అడగడం మానేశాడే," అంది.